మాస్టారి మెచ్చుకోళ్ళు

ఉత్తరాల ద్వారా ఇంగ్లీషు నేర్పే ఆ సంస్థలో మాస్టారి పని కాగితాలు దిద్దడం. అందరూ అలాగే అనుకునేవారు, జీతం ఇచ్చేదీ అందుకే. నిజానికి ఆయన దిద్దడం మానేసి ఆరేళ్ళయింది. ఆయన చేస్తున్నది మెచ్చుకోవడం.

అదీ ఒక పద్ధతి ప్రకారం. డైరెక్టరుగారు ఒకప్పుడు పన్నెండు రకాల మెచ్చుకోళ్ళు ఇంగ్లీషులో టైపు చేయించి, అట్ట మీద అంటించి, మాస్టారి బల్ల మీద నిలబెట్టారు. ఒకటి, చాలా బాగుంది. రెండు, ఇలాగే కొనసాగించండి. మూడు, మీ శ్రమ కనిపిస్తోంది. అలా పన్నెండు. "ఎర్రగీతలు చూస్తే జనం జడుసుకుని మానేస్తారు మాస్టారూ. మనం ఇవ్వాల్సింది ప్రోత్సాహం" అన్నారాయన. మాస్టారు ఓ నెల్లాళ్ళు గొణిగారు. ముందు కాగితం చదివి, తప్పులు దిద్ది, ఆ తర్వాతే మెచ్చుకునేవారు. కొన్నాళ్ళకి దిద్దడం తగ్గింది. ఇంకొన్నాళ్ళకి చదవడం తగ్గింది. చివరికి కట్టలో మొదటి కాగితానికి ఒకటో నంబరు, రెండో కాగితానికి రెండో నంబరు, పదమూడో కాగితానికి మళ్ళీ ఒకటి. చేతికి ఎముక లేనట్టు పంచిపెట్టేవారు. పక్క బల్ల దగ్గర కవర్ల మీద అడ్రసులు కొట్టే టైపిస్టు టీ వేళకి, "ఎందాకా వచ్చారు మాస్టారూ, ఏడా ఎనిమిదా?" అని అడిగేది. "తొమ్మిది తల్లీ" అని ఆయన నవ్వేవారు.

ఇంట్లో మాత్రం ఆయన నోట్లోంచి ఒక మంచి మాట ఊడిపడితే ఒట్టు. కూర ఎలా ఉందంటే "ఫరవాలేదు." కొత్త కర్టెన్లు ఎలా ఉన్నాయంటే "ఊఁ." "అక్కడ తట్టలకొద్దీ పంచి వస్తారు, ఇంటికొచ్చేసరికి నిండుకుంటుందా ఏంటి?" అని భార్య దెప్పేది. దానికీ ఆయన "ఊఁ" అనేవారు.

ఇందులో ఇంకో విడ్డూరం ఉంది. ఆ కోర్సులో పన్నెండో పాఠం రాసింది ఈ మాస్టారే. చేరిన కొత్తలో, పని మీద ప్రేమ ఉన్న రోజుల్లో, నాలుగు సాయంత్రాలు కూర్చుని రాశారు. పాఠం 'ఎంకరేజ్‌మెంట్' అనే మాట మీద. దాని అర్థమేమిటి, రోజూ మాట్లాడేటప్పుడు దాన్ని ఎలా వాడతారు, ఎక్కడ వాడితే అతకదు, అన్నీ విడమరిచి చెప్పారు. 'పొగడ్త వేరు, ప్రోత్సాహం వేరు. పొగడ్త అయిపోయిన పనికి. ప్రోత్సాహం ఇంకా చెయ్యాల్సిన పనికి కావలసిన ధైర్యం. ఎదుటి మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో చూడకుండా దాన్ని ఇవ్వలేం' అని రాశారు. చివర్లో, ఆ మాట వాడుతూ అయిదు సొంత వాక్యాలు రాసి పంపమని అభ్యాసం. ఈ ఆరేళ్ళలో వందలమంది పంపారు. ఆయన చదివినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఒక గురువారం పొద్దున ఒకావిడ వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. ముంజేతుల నిండా పాత కాలిన మచ్చలు. అట్టల ఫైలొకటి గుండెకి హత్తుకుని ఉంది.

"నమస్కారమండీ. నేను రెండొందల పదిహేడుని" అంది.

అక్కడ అందరూ కవరు మీది నంబర్లే. ఆ నంబరు మాస్టారికి ఏమీ గుర్తు చెయ్యలేదు. అయినా, "ఓహో, మీరేనా అమ్మా!" అన్నారు, ఎంతో ఎరిగున్నట్టు. ఆవిడ మొహం వెలిగిపోయింది.

ఆవిడ పెద్దాసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. ఆసుపత్రి రిసెప్షన్‌లో ఒక ఖాళీ పడిందనీ, లోపల పనిచేసేవాళ్ళు కూడా అడగొచ్చన్నారనీ, శనివారం ఇంటర్వ్యూ అనీ గబగబా చెప్పింది.

"ఒక్కసారి అడిగి తప్పితే మళ్ళీ రెండేళ్ళదాకా అడగనివ్వరండి. పన్నెండేళ్ళ నుంచీ నిలబడే ఉన్నాను. మోకాళ్ళు పట్టేస్తున్నాయి. కుర్చీలో కూర్చుని చేసే పనంటే ఎలా ఉంటుందో చూడాలని ఉందండి" అని నవ్వింది. ఫైలు తెరిచి ఆయన ముందు పెట్టింది. పద్నాలుగు పాఠాలు, వరుసగా కుట్టి ఉన్నాయి. "ఆరో పాఠానికి మీరు 'మీలో స్పష్టమైన మార్పు కనిపిస్తోంది' అని రాశారు గుర్తుందా అండీ? సరిగ్గా ఆ నెల్లోనే నేను భోజనం టైములో కూడా చదవడం మొదలుపెట్టాను. మా ఇంట్లోవాళ్ళే కనిపెట్టలేదు. మీరెలా కనిపెట్టారో!"

మాస్టారు ఏమీ కనిపెట్టలేదు. ఆ రోజు కట్టలో ఆవిడ కాగితం ఎనిమిదోది, అంతే.

"ఒక్కమాట చెప్పండి మాస్టారండీ. వెళ్ళమంటారా? ఇంకా ఆగమంటే ఆగుతాను, మళ్ళీ ఖాళీ పడినప్పుడే చూసుకుంటాను. మీ మాట మీదే ఉన్నాను."

మాస్టారు కాగితం మీదికి చూశారు. చాలాకాలం తర్వాత ఒక కాగితాన్ని నిజంగా చూశారు. మొదటి వాక్యంలోనే మూడు తప్పులు. రెండో వాక్యానికి తలా తోకా లేదు. దాని కింద తన గుండ్రటి చేతిరాత, 'చాలా బాగుంది' అని. ఇంకో పేజీ తిప్పారు. అదే తీరు. ఈవిడ ఇప్పుడే వెళ్ళకూడదు. ఆ సంగతి అరనిమిషంలో తెలిసిపోయింది. కానీ ఆగమని చెప్పాలంటే, ఈ పద్నాలుగు మెచ్చుకోళ్ళూ ఎవరివో, ఎలా పుట్టాయో చెప్పాలి. పక్క బల్ల మీద టైపు మిషను చప్పుడు ఆగింది. ఆ అమ్మాయి వింటోంది.

"ధైర్యంగా వెళ్ళండమ్మా" అన్నారు మాస్టారు.

ఆవిడ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి వెళ్ళిపోయింది. టైపు మిషను మళ్ళీ మొదలైంది. ఆ రోజు టీ వేళకి టైపిస్టు నంబరు అడగలేదు.

ఇన్నాళ్ళూ ఆయన చేసింది చదవకుండా చేసిన తప్పు. ఇది చదివి మరీ చేసిన తప్పు. ఆ తేడా ఆయనకి బాగా తెలుసు. శుక్రవారం ఆసుపత్రికి వెళ్ళి లాండ్రీలో ఆవిడని వెతికి చెప్పేద్దామని చెప్పులు వేసుకున్నారు, మళ్ళీ విప్పేశారు. శనివారం పొద్దుటి నుంచీ గడియారం వంకే చూస్తుంటే, "ఎవరైనా వస్తున్నారా ఏంటండీ?" అని భార్య అడిగింది. లేదన్నారు. ఇంటర్వ్యూ చేసేవాళ్ళు మెతక మనుషులై ఉంటారనీ, మాట్లాడించి వదిలేస్తారనీ తనకి తాను సర్దిచెప్పుకున్నారు. తన అబద్ధాన్ని కాయడానికి ముక్కూమొహం తెలియని వాళ్ళ మంచితనం మీద ఆశ పెట్టుకున్నారు.

సోమవారం సాయంత్రం ఆవిడ మళ్ళీ వచ్చింది. ఫైలు చంకలో ఉంది. మాస్టారు నోరు తెరిచేలోపే, "క్షమించండి మాస్టారండీ" అంది.

ఆయనకి అర్థం కాలేదు. క్షమించడమేమిటి?

"రాలేదండి ఉద్యోగం. 'డాక్టరుగారు సెలవులో ఉన్నారు, రేపు రండి' అని, వచ్చినవాళ్ళకి చెప్పినట్టు ఇంగ్లీషులో నాలుగు లైన్లు రాయమన్నారు. రాశాను. ఇంటర్వ్యూ చేసే ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. 'ఇలా రాస్తే ఎవరికి అర్థమవుతుందమ్మా' అన్నారు. నేను ఊరుకోవాల్సిందండి. ఊరుకోకుండా మీ కాగితాలన్నీ తీసి వాళ్ళ బల్ల మీద పెట్టాను. చూడండి, మా మాస్టారు ఎంత బాగుందని రాశారో అని. అందులో ఒక పెద్దావిడ ఒక్కో పేజీ తిప్పుతూ నవ్వింది. ఇన్ని తప్పుల కింద ఈ మాట రాసిన మహానుభావుడెవరమ్మా అంది. నన్నంటే పడేదాన్నండి. మిమ్మల్ని అనేసరికి తట్టుకోలేకపోయాను. మా మాస్టారు పెద్దవారండీ, కళ్ళు సరిగ్గా ఆనవు, అంత ఇబ్బందిలోనూ మా కోసం దిద్దుతున్నారు అని చెప్పాను. మిమ్మల్ని అడక్కుండా అనేశాను. ఏమనుకోకండి."

మాస్టారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

"శుక్రవారం లాండ్రీలో అందరూ చప్పట్లు కొట్టి పంపించారండి. ఇవాళ పొద్దున మళ్ళీ అదే ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. ఏదో ఒకటి అనేసినా బాగుండేది." ఆవిడ కళ్ళు తుడుచుకుని, నవ్వబోయింది. "మీరు అంతగా ప్రోత్సహించినా నిలబెట్టుకోలేకపోయాను. నా బుర్ర అంతే. ఆ మాట చెప్పిపోదామనే వచ్చాను."

మాస్టారు తన జీవితంలో చాలాసార్లు సిగ్గుపడ్డారు. అప్పిచ్చినవాడు ఎదురైతే సిగ్గుపడ్డారు, నలుగురిలో చొక్కా చిరిగితే సిగ్గుపడ్డారు. అవన్నీ ఎవరో చూస్తున్నారన్న సిగ్గులు, వాళ్ళు తల తిప్పుకుంటే పోయేవి. ఇది అలాంటిది కాదు. ఎదురుగా ఉన్న మనిషి తనని గౌరవంగా చూస్తోంది, ఆ గౌరవమే ఆయన్ని నిలువునా తగలబెడుతోంది. తన పరువు కాపాడటానికి ఈవిడ అక్కడ ముగ్గురి ముందు తలవంచుకుని అబద్ధమాడింది. తను మాత్రం ఈవిడకి ఒక నిజం చెప్పడానికి జడిశారు.

"నా కళ్ళు బాగానే ఉన్నాయమ్మా" అన్నారు.

ఆవిడకి అర్థం కాలేదు.

"కళ్ళు బాగానే ఉన్నాయి. నేను చదవలేదు." అట్ట సంగతి చెప్పారు. నంబర్ల సంగతి చెప్పారు. ఆరో పాఠం సంగతి కూడా చెప్పారు. చెబుతున్నంతసేపూ డైరెక్టరుగారి గది తలుపు తెరిచే ఉంది. మాస్టారు గొంతు తగ్గించలేదు.

"ఒక్కటీ చదవలేదా?" అంది ఆవిడ.

"లేదు."

"మొట్టమొదటిది? కొత్తగా చేరానని చూసి ఉంటారు కదండీ?"

"అదీ లేదమ్మా. గురువారం మీరొచ్చినప్పుడు మాత్రం చూశాను. చూసే వెళ్ళమన్నాను."

ఆవిడ అరుస్తుందనుకున్నారు. ఫైలు మొహాన కొట్టినా బాగుండుననుకున్నారు. ఆవిడ అదేమీ చెయ్యలేదు. ఆయన్నే చూసింది. ఎక్కడో కాలిపోతున్న వాసన వచ్చి, ఏ బట్టో పోల్చుకోవడానికి చూస్తున్న మనిషిలా ఉంది ఆ చూపు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చుంది. ఫైలు ఆయన ముందుకి తోసింది.

"ఇప్పుడు చదవండి."

మాస్టారు చదివారు. ఎర్రపెన్ను సిరా గడ్డకట్టిపోయి రాయలేదు. టైపిస్టు లేచి వచ్చి, ఏమీ మాట్లాడకుండా తన పెన్ను బల్ల మీద పెట్టి వెళ్ళింది. ఆయన ఒక్కో వాక్యం కింద గీత గీసి, ఎందుకు తప్పో చెప్పి, సరైనది పైన రాశారు. ఆవిడ వేలు పెట్టి అనుసరించింది. ఒకే తప్పు రెండో పాఠంలో ఉంది, అయిదులో ఉంది, తొమ్మిదిలో ఉంది. మొదటిసారే ఎవరైనా చెప్పి ఉంటే అక్కడితో పోయేది. "ఇది కూడానా?" అని ఆవిడ ప్రతిసారీ అడిగింది. ప్రతిసారీ ఆయన "అవునమ్మా" అన్నారు. దిద్దినకొద్దీ ఆయన తల ఇంకా కిందికి దిగింది.

పన్నెండో పాఠం దగ్గరికొచ్చారు. 'ఎంకరేజ్‌మెంట్' మీద ఆవిడ రాసిన అయిదు సొంత వాక్యాలు. నాలుగు తప్పు. అయిదోది చదివి మాస్టారు ఆగిపోయారు. మళ్ళీ చదివారు. కాస్త ప్రోత్సాహం దొరికి ఉంటే మా అమ్మ చదవడం నేర్చుకునేది, అని ఉంది ఇంగ్లీషులో. ఒక్క అక్షరం కూడా మార్చక్కర్లేదు. పాఠంలోంచి ఎత్తి రాసిందేమోనని గుర్తు చేసుకున్నారు. పాఠంలో అలాంటిది లేదు, రాసినవాడు తనే కాబట్టి తెలుసు. ఇది పూర్తిగా ఆవిడ సొంతం. ఇంగ్లీషులో పదిమందికి ఎనిమిదిమంది తడబడే వాక్యం, ఆవిడ నిక్కచ్చిగా రాసింది. ఆరేళ్ళలో మొదటిసారి ఆయనకి ఒక కాగితం చూసి సంతోషం వేసింది.

"ఇది చాలా బాగుందమ్మా" అన్నారు. "నిజంగా చాలా బాగుంది. ఇలా రాయగలిగినవాళ్ళకి మిగతాది వస్తుంది."

ఆవిడ ఆ వాక్యాన్ని చూసుకుంది. ఆయన మొహాన్ని చూసింది. ఒక క్షణం నమ్మాలని ఎంతో ఆశపడినట్టు కనిపించింది. తర్వాత ఆ కాగితాన్ని ఫైల్లోంచి జాగ్రత్తగా ఊడదీసి, లేచి, పక్క బల్ల దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, మీకు ఇంగ్లీషు వచ్చు కదా. ఈ చివరి లైను నిజంగా బాగుందా, కొంచెం చూసి చెప్తారా?" అని టైపిస్టుని అడిగింది.

టైపిస్టు మాస్టారి వైపు చూసింది. ఆయన తల ఎత్తలేదు. ఆ అమ్మాయి కాగితం అందుకుని చదవడం మొదలుపెట్టింది.