వేడి చల్లారని చొక్కా

ముందు కాలరు లోపలివైపు, తర్వాత భుజాలు, చేతులు, చివరికి వీపు. పదకొండేళ్ళుగా ఆమె ఇస్త్రీ వరస అదే. లాండ్రీలో అందరూ మడతమ్మ అంటారు; ముద్దుకో వెక్కిరింతకో ఆమె ఎప్పుడూ తేల్చుకోలేదు. ఇవాళ సగం రోజు సెలవు పెట్టి ఇంట్లో భర్త నీలం చొక్కా ఇస్త్రీ చేస్తోంది. ఒకే మడత మీద పడి ఉంటే గుడ్డ అక్కడే చిరుగుతుందని, ఆయన వెళ్ళిన ఇరవై నెలలుగా వారం వారం చేస్తూనే ఉంది.

ఆయన విదేశంలో వెల్డరు. కంపెనీవాడు రాత్రికి రాత్రి తలుపులు మూసి, పనివాళ్ళ పాస్‌పోర్టులతో సహా మాయమయ్యాడు. జీతమూ లేదు, తిరిగొచ్చే దారీ లేదు. తోటివాళ్ళు పెడితే తింటున్నాడు. ఇక్కడ ఇంటివాడు నెలాఖరుకి గది ఖాళీ చెయ్యమన్నాడు. పిల్లకి ఐదేళ్ళు.

ప్రభుత్వ సాయానికి అర్జీ పెడితే, భర్త ఉంటే జీతం కాగితం తెమ్మన్నారు, పోతే మరణ పత్రం. వదిలేసి వెళ్తే మాత్రం భార్య సంతకం చాలట. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు. ఆదివారం ఫోనులో భర్తే అన్నాడు.

"వదిలేశాడని రాసెయ్యి. కాగితమే కదా."

ఆమె మాట మార్చి పిల్ల చేత పాట పాడించింది.

విచారణకి ఆఫీసాయన ఇవాళే వస్తాడు. మగమనిషి ఆనవాళ్ళు కనబడితే మొగుడు తిరిగొచ్చాడనుకుంటారని తోటి పనామె చెబితే, చెప్పులు, గడ్డం గీసుకునే సామాను పెట్టెలో దాచింది. చొక్కా మాత్రం అలవాటుకొద్దీ కొక్కేనికే తగిలించింది. ఆఫీసాయన వస్తూనే దాన్ని పట్టుకున్నాడు.

"ఇంకా వేడిగా ఉంది. మీ ఆయన ఎప్పుడొచ్చాడమ్మా?"

"రాలేదండీ. మడత దగ్గర చిరుగుతుందని వారం వారం చేస్తాను."

ఆయన చెడ్డవాడు కాదు, విసిగిపోయినవాడు. కంపెనీ సంగతి విని, కాగితంలో ఉన్నాడు, పోయాడు, వదిలేశాడు అని గళ్ళు మూడే ఉన్నాయని, నాలుగోది గీసే అధికారం తనకి లేదని చెప్పాడు. మూణ్ణెల్లకి ఇంకొకరు వస్తారని, చొక్కా కనబడితే సాయం ఆపేస్తారని కూడా.

ఆమెకి ఏడుపొచ్చింది. అయినా మూడో గడిలో సంతకం పెట్టింది. అలా పెళ్ళైన ఏడేళ్ళకి, మంగళవారం పదకొండు గంటలకి, మొగుడు ఆమెని వదిలేసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం చొక్కాని సంచిలో పెట్టుకుని పనికి వెళ్ళింది. లాండ్రీ వెనక గదిలో, ఎవరూ తీసుకెళ్ళని బట్టలకి ఒక కమ్మీ ఉంది. చీటీ మీది తేదీకి ఏడాది దాటితే యజమాని ఎవరికో ఒకరికి ఇచ్చేస్తాడు. ఆమె చీటీ మీద భర్త పేరు రాసి, తేదీ రాయకుండా వదిలేసింది.

కమ్మీ చివర, కాలరు గుండీ పెట్టిన నీలం చొక్కా వేలాడుతోంది.