మెత్తలో సరుకు

అత్తగారి కళ్లకు వైద్యం సరిహద్దు అవతలి ఊళ్లోనే దొరికేది. కోడలే ఆమెను చక్రాల కుర్చీలో తీసుకెళ్లేది. కోడలిది కుట్టుపని. అక్కడి ఆసుపత్రిలో కళ్లలో చుక్కలు వేసి అత్తగారిని పడుకోబెట్టిన సేపట్లో, కుర్చీ మెత్త విప్పి, దూది మధ్య సెల్‌ఫోన్లు పేర్చి మళ్లీ కుట్టెయ్యడం ఆమెకు చిటికెలో పని. సుంకం కట్టని ఆ సరుకును ఇవతల ఒక దుకాణదారు తీసుకునేవాడు. తనిఖీ గదిలో ముసలావిడను చూసి అందరూ జాలిపడి దారి ఇచ్చేవారు. అత్తగారికి మాత్రం కోడలు ఏమీ చెప్పలేదు.

ఆ రోజు కొత్త అధికారిణి ఉంది.

"మామ్మగారూ, ఒక్కసారి లేవగలరా?" అని తనే రెక్క పట్టుకుని లేపి బెంచీ మీద కూర్చోబెట్టింది. మెత్త నొక్కి చూసి, కత్తెర తెప్పించింది. ఫోన్లు ఒక్కొక్కటే బల్ల మీదికి వచ్చాయి.

"ఇవి ఎవరివి?"

"నావేనమ్మా," అంది అత్తగారు. "దానికేం తెలీదు."

"మీకు చూపే ఆనదు కదా. ఎలా కుట్టారు?"

"ఎవరో కుట్టిచ్చారు. రాసుకో."

అధికారిణి కోడలి వైపు చూసింది. నోరు విప్పడానికి కావలసినంత సేపు చూసింది. కోడలు తల వంచుకుని తన చెప్పులనే చూసుకుంది.

వయసు చూసి వదిలేశారు గానీ, ముసలావిడ ఇక సరిహద్దు దాటకూడదన్నారు. అంటే వైద్యం ఆగిపోయినట్టే.

"ఎందుకలా చెప్పారత్తయ్యా?" అంది కోడలు దారిలో.

"నిన్ను లోపలేస్తే నన్ను బాత్రూముకి ఎవరు తీసుకెళ్తారే?" అని నవ్వింది ఆవిడ. కాసేపటికి, "నాతో చెప్పుంటే కాస్త కుదురుగా కూచునేదాన్ని కదా," అంది.

తిట్టినా బాగుండేదనిపించింది కోడలికి.

"డాక్టరేమన్నాడమ్మా?" ఇంట్లో కొడుకు అడిగాడు.

"ఇంక రానక్కర్లేదన్నాడురా."

మర్నాడు పొద్దున్నే కోడలు ఒక్కతే తనిఖీ గదికి వెళ్లింది.

"అవి నావండీ."

"నిన్న నీకు చాలాసేపు టైమిచ్చాను," అంది అధికారిణి, కాగితాలు ముందుకు లాక్కుంటూ.

అత్తగారి మీద నిషేధం తీసేశారు. కోడలి మీద కేసు పెట్టారు. తర్వాతిసారి కొడుకే తల్లిని బయల్దేరదీశాడు.

"ఇవాళ కొడుకొచ్చాడే? కోడలు రాదా?" అంది పక్కింటావిడ.

"దానికి ఒంట్లో..." అని అత్తగారు మొదలుపెట్టింది.

"నన్ను దాటనివ్వరక్కా," అంది కోడలు గుమ్మంలోంచి. "దొంగసరుకు తెచ్చి దొరికాను."

పక్కింటావిడ లోపలికెళ్లి తలుపు వేసుకుంది.