పన్నెండు కొట్టిన రోజు

మార్చి రెండో శనివారం మధ్యాహ్నం పన్నెండింటికి రాష్ట్ర సెనేట్ గడియారం పన్నెండు గంటలు కొట్టింది. సమావేశాల ఆఖరి రోజున అది వేళకు పన్నెండు కొట్టడం పంతొమ్మిదేళ్లలో అదే మొదటిసారి.

అన్నేళ్లూ దాన్ని ఆపినవాడు సభ ద్వారపాలకుడు ఎల్జిన్ రాట్లిఫ్. ఆఖరి రోజు మధ్యాహ్నం పన్నెండుతో సభ ముగియాలని రాజ్యాంగం చెబుతుంది. పని మాత్రం ఎప్పుడూ ముగిసేది కాదు. పన్నెండుకు కాస్త ముందు సభాధ్యక్షుడు దగ్గేవాడు. ఎల్జిన్ కొనకు కొక్కెం ఉన్న పొడుగాటి కర్రతో లోలకాన్ని పట్టి ఆపేవాడు. ఇక సాయంత్రం దాకా లోపల పన్నెండు అయ్యేది కాదు.

పోయినేడు అలా ఆగిన గడియారం కింద బొగ్గుగని కార్మికుల చట్టం నెగ్గింది. ఊపిరితిత్తుల్లో బొగ్గుదుమ్ము పేరుకున్నవాళ్లకు నెలనెలా భృతి. గవర్నరు సంతకం పెట్టాడు. ఆ వారమే మంగలి షాపులో ఎల్జిన్ ఒక విలేకరితో, "బైబిల్లో యెహోషువ సూర్యుణ్ణి ఆపాడు. ఇక్కడ నేను గడియారాన్ని ఆపాను," అన్నాడు. కర్ర పట్టుకుని ఫొటో దిగాడు. గని యజమానుల లాయరు ఆ పేపరు తీసుకెళ్లి కోర్టులో పెట్టాడు. ఎల్జిన్ ప్రమాణం చేసి, అవును, ఆపానన్నాడు. రాజ్యాంగం పెట్టిన గడువును పెంచే అధికారం సభకు లేదని న్యాయమూర్తులు చట్టాన్ని కొట్టేశారు.

భృతి పోయినవాళ్లలో ఎల్జిన్ అక్క ఓపల్ భర్త హోబర్ట్ ఒకడు.

అప్పటినుంచి ఎల్జిన్ మంగలి షాపుకు వెళ్లలేదు. భార్య ఇంట్లో కత్తిరిస్తుంది. చెవుల మీద జుట్టు ఎగుడుదిగుడుగా ఉంటుంది. కింద క్యాంటీన్‌లోకి అతను వస్తే మాటలు ఆగుతాయి. అందుకని మొక్కజొన్న రొట్టె, చిక్కుడు గింజలు తెచ్చుకుని చీపుళ్ల గదిలో నిలబడి తింటాడు.

ఆ శనివారం పొద్దున అతను సభ్యుల బల్లల మీద కూజాల్లో నీళ్లు నింపుతుండగా అధ్యక్షుడి గుమాస్తా వచ్చాడు.

"ఇవాళ నువ్వు బయటే నిలబడు. లోపల సంగతులు మంగలి దాకా పోతున్నాయి."

ఎల్జిన్ చేతిలో కూజా నింపడం పూర్తిచేసి బయటికి వెళ్లాడు.

పది దాటాక హోబర్ట్ వచ్చాడు. అదే చట్టం మళ్లీ ఓటుకు వస్తోంది. పైన ప్రేక్షకుల గ్యాలరీకి మెట్లెక్కలేకపోయాడు. ఎల్జిన్ తలుపు పక్కనున్న తన కుర్చీ చూపించాడు.

"ఏరా యెహోషువా," అని హోబర్ట్ ఊపిరి తీసుకున్నాడు. "సూర్యుడు... కులాసానా?"

ఎల్జిన్ తన బూట్ల వంక చూసుకున్నాడు. "ఇక్కడ కూర్చో బావా. తలుపు సందులోంచి వినపడుద్ది."

"నే దగ్గితే... నల్లగా పడుద్దిరా. నీ కుర్చీ పాడవుద్ది."

"పడనీ."

హోబర్ట్ జేబులోంచి ఇత్తడి బిళ్ల తీసి వేళ్ల మధ్య తిప్పుతూ కూర్చున్నాడు. గనిలోకి దిగేవాడు తన బిళ్లను బోర్డుకు తగిలించి దిగుతాడు. పైకొచ్చాక తీసుకుంటాడు. బోర్డు మీద బిళ్ల ఉంటే మనిషి లోపలున్నట్టు.

లోపల యజమానుల పక్షం సభ్యుడు కెల్ లేచి మాట్లాడుతున్నాడు. తాతగారి కంచర గాడిద గురించి చెబుతున్నాడు. అతని ఎత్తు ఎల్జిన్‌కు తెలుసు. పన్నెండు దాకా లాగితే చట్టం కావాలన్నవాళ్లు గడియారం ఆపుతారు. ఆపకపోతే ఓటుకు వేళ ఉండదు, ఆపితే కోర్టు మళ్లీ కొట్టేస్తుంది.

పన్నెండు దగ్గర పడుతుండగా గుమాస్తా కర్రతో బయటికొచ్చాడు. "లోపలికి రా. అయ్యగారు దగ్గుతున్నారు."

ఎల్జిన్ కర్ర అందుకున్నాడు. "బావా, ఏం చెయ్యను?"

"పోయినేడు... మంగలి షాపులో... నన్నడిగావా?"

ఎల్జిన్ ముఖం మెడదాకా ఎర్రబడింది. లోపలికి వెళ్లి గడియారం కింద నిలబడ్డాడు. కెల్ గాడిద కథ ఆపి వంగి దారి చూపించాడు. "దయచేయండి, యెహోషువగారూ!" సభ నవ్వింది. అధ్యక్షుడు దగ్గాడు. కర్ర లేవలేదు. మళ్లీ దగ్గాడు.

"ఆపనండి," అన్నాడు ఎల్జిన్.

"ఏమిటీ?"

"మా బావ బయట కూర్చున్నాడండి. నేను ఆపను."

అధ్యక్షుడు గడియారం వంక చూశాడు. తర్వాత సుత్తి బల్లకేసి కొట్టి, చర్చ ముగిసిందన్నాడు. కెల్ నిబంధనల పుస్తకం ఎత్తి అరిచాడు. ఓటు పెట్టనా అని అధ్యక్షుడు సభనడిగాడు. సభ ఓటు పెట్టమంది. గుమాస్తా పేర్లు పరుగున చదివాడు. ఆఖరి పేరుకు జవాబు వచ్చాక గడియారం కొట్టడం మొదలుపెట్టింది. చట్టం రెండు ఓట్లతో నెగ్గింది.

ఎల్జిన్ బయటికొచ్చాడు. హోబర్ట్ తల గోడకు ఆని ఉంది.

"నెగ్గింది బావా."

మళ్లీ చెప్పాడు. వంగి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ తర్వాత మళ్లీ చెప్పలేదు. తలుపు కొద్దిగా తెరిచే ఉంది.

హోబర్ట్ సమాధి దగ్గర ఓపల్ అందరి చేతులూ పట్టుకుంది, తమ్ముడి చెయ్యి తప్ప. గవర్నరు గురువారం సంతకం పెట్టాడు. యజమానులు మళ్లీ కోర్టుకు వెళ్లారు. ఈసారి కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. సంతకం నాటికి బతికున్నవాళ్లకే భృతి వర్తిస్తుంది. ఓపల్‌కు రాలేదు.

ఎల్జిన్ ఇప్పుడు తలుపు దగ్గర నిలబడే ఉంటాడు. కర్ర చీపుళ్ల గదిలో ఉంది. కుర్చీ ఉన్నచోటే ఉంది. దాని మీద ఇత్తడి బిళ్ల, నంబరు 217.