కమీషన్ లేని డాలర్లు

భూపాలపల్లి బొగ్గు గనిలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరైన కృపాకర్, వచ్చిన డబ్బులో మొదటి ఖర్చు అక్క కోసమే పెట్టాలనుకున్నాడు. అక్క బుచ్చవ్వ మహబూబాబాద్ జిల్లా గూడూరు దగ్గర రెండెకరాల్లో మిరప పండిస్తుంది. చిన్నతనంలో తల్లి పోతే అతన్ని సాకింది ఆమే. యేసు బాప్తిస్మం పొందిన యొర్దాను నదిలో ఒక్కసారి కాళ్లు తడుపుకోవాలని ఉందని ఆమె ఏదో ఆదివారం అన్న మాట అతని మనసులో ఉండిపోయింది. చర్చి నుంచి తొమ్మిది మంది జోర్డాన్ యాత్రకు పోతున్నారని తెలియగానే తమ ఇద్దరి పేర్లూ రాయించాడు.

యాత్రకు తీసుకెళ్లేది జనగామలో ట్రావెల్స్ నడిపే అజిత్. టికెట్లు చేతికిచ్చిన రోజున అతను, అక్కడి ఖర్చులకు మనిషికి ఐదు వందల డాలర్లు కావాలని, రూపాయలిస్తే తనే మార్పించి తెస్తానని చెప్పాడు. డాలరు తొంభై ఒక్క రూపాయి. కమీషన్ ఒక్క పైసా తీసుకోనన్నాడు. అందరికీ ఆ మాట నచ్చింది. కృపాకర్ చెక్కుబుక్కు బయటికి తీశాడు.

అప్పటిదాకా మాట్లాడని బుచ్చవ్వ అజిత్‌ను అడిగింది.

"కొడుకా, మా ప్రయాణం ఆగిపోయిందనుకో. గవే డాలర్లు నీకు వాపస్ ఇస్తే ఎంతకు తీసుకుంటవ్?"

"ఎనభై రెండుకు తీసుకుంటనవ్వా" అన్నాడతను నవ్వుతూ.

"మరి నడుమ తొమ్మిది రూపాలు ఎవలియి?"

అజిత్ నవ్వు ఆగింది. ఆఫీసు ఖర్చులుంటాయని ఏదో చెప్పబోయాడు. బుచ్చవ్వ తగువు పెట్టుకోలేదు. రెండు రోజులు గడువు అడిగి లేచింది.

తిరుగు బస్సులో కృపాకర్ చాలాసేపు ముఖం ముడుచుకునే కూర్చున్నాడు. కాజీపేట దాటాక ఉండబట్టలేకపోయాడు.

"రెండు మూడు వేలకు అందరి ముంగట ఇజ్జత్ తీస్తివక్కా. పైసలు నాయే గదా, నేను అడిగిన్నా?"

బుచ్చవ్వ అతని వైపు తిరిగింది. "నాయైతే ఊకుందును తమ్మీ" అంది. "నువ్వు భూమి లోపలికి దిగి తెచ్చినయి. గందుకే అడిగిన."

కృపాకర్ ఆమె వైపు జరిగి కూర్చున్నాడు. ఆ తర్వాత ఆమె మెల్లగా చెప్పుకొచ్చింది. మహబూబాబాద్ మార్కెట్‌కు కొత్తగా మిర్చి తీసుకెళ్లిన రోజుల్లో, కమీషన్ వద్దన్న వ్యాపారికే మూడేళ్లు వరసగా అమ్మిందట. అతను క్వింటాలుకు పక్క దుకాణం కన్నా తక్కువ కడుతున్నాడని నాలుగో ఏడు గానీ తెలియలేదట. అప్పటినుంచి ఏ దుకాణానికి పోయినా, కమీషన్ సంగతి పక్కనపెట్టి, ఆఖరుకు చేతికెంత వస్తుందనేదే అడుగుతుందట.

మర్నాడు పొద్దున్నే కృపాకర్ ఫోను ముందేసుకుని కూర్చున్నాడు. తన బ్యాంకును, హనుమకొండలో లైసెన్సున్న రెండు డబ్బు మార్పిడి దుకాణాలను ఒకే మాట అడిగాడు: వెయ్యి డాలర్లకు, పన్నుతో సహా మొత్తం ఎంత కట్టాలి? ఒక దుకాణంలో డాలరుకు ఎనభై ఎనిమిది పడింది. ఆ లెక్క మిగతా వాళ్లకు చెబితే అందరూ వస్తామన్నారు.

పదకొండు పాస్‌పోర్టులతో వెళ్లేసరికి దుకాణం యజమాని నిరంజన్ కుర్చీలు సరిపోక లోపలినుంచి బల్ల తెప్పించాడు. ఇంతమంది ఒక్కసారే కొంటున్నప్పుడు ధర జర తగ్గాలి కదా అని బుచ్చవ్వ అడిగింది. అతను ఎవరికో ఫోన్ చేసి, ఎనభై ఏడు రూపాయల నలభై పైసలకు దిగాడు. మనిషికి పద్దెనిమిది వందలు మిగిలాయి. యాత్రలో ఖర్చుకాని డాలర్లు తిరిగి మార్చుకోవడానికి పనికొస్తాయని రసీదులు జాగ్రత్త చేయమని అతనే చెప్పాడు.

అజిత్‌కు తనే చెప్పాలని బుచ్చవ్వ పట్టుబట్టింది. ఫోన్‌లో అతను ధర ఎంత పడిందో అడిగాడు. తర్వాత ఆ దుకాణం నంబరు తనకూ పంపమన్నాడు.

జోర్డాన్‌లో మూడో రోజు, మోషే ఎక్కిన నెబో కొండ ఎక్కేటప్పటికి బుచ్చవ్వ పాదాలు వాచాయి. పాత చెప్పుల పట్టీ చర్మాన్ని కోసేస్తోంది. ఆమె పైకి ఏమీ అనలేదు గానీ నడక చూసి కృపాకర్ కనిపెట్టాడు. సాయంత్రం ఊళ్లోకి దిగాక ఒక చెప్పుల దుకాణానికి తీసుకెళ్లి, మెత్తటి బూట్లు తనే కింద కూర్చుని తొడిగాడు. ఎంతయిందని ఆమె అడిగితే చెప్పలేదు. రెండోసారి ఆమె అడగలేదు.

మర్నాడు యొర్దాను ఒడ్డున ఆ బూట్లు విప్పి పక్కపక్కన పెట్టి, తమ్ముడి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది. నీళ్లు మట్టిరంగులో, చల్లగా ఉన్నాయి.

"మన వాగే దీనికన్న వెడల్పున్నది గదరా" అంది.

కృపాకర్ నవ్వాడు. బుచ్చవ్వ కళ్లు మూసుకుని, మోకాళ్ల దాకా నీళ్లలో చాలాసేపు నిలబడింది. అతను చెయ్యి వదల్లేదు.