కంట్లో తెల్లచుక్క

"ఆ రంగులు తుడిచిన గుడ్డలు వంటింటి గుమ్మంలో పెట్టకమ్మా, పప్పు కూడా టర్పెంటైన్ వాసనేస్తోంది," అంది అత్తగారు పుష్పవతి. నిఖిత నవ్వుకుంటూ వాటిని పెరట్లో తీగ మీద ఆరేసింది. పెళ్లయి జగ్గయ్యపేట వచ్చి మూణ్ణెల్లు. ఇంకా అన్నిటికీ నవ్వే వస్తోంది ఆమెకి. కుక్కర్ విజిల్ ఆలస్యమైనా సరదాయే, భర్త శ్రీకర్ బండి గేటు దగ్గర ఆగినా పండగే.

ఈమధ్య ఇంకో ఆనందం తోడైంది. వాళ్ల బట్టల కొట్టుకి నందిగామలో బ్రాంచి తెరుస్తున్నారు. అది శ్రీకర్ చూసుకుంటాడు. "బొమ్మలేయటం చదివావుగా, వాడి బొమ్మ ఒకటెయ్యి. కౌంటర్ వెనక పెడదాం. వచ్చినోళ్లు ఎటు తిరిగినా వాళ్లనే చూస్తున్నట్టుండాలి. ఇంట్లో మనిషివేగా, పనంతా అయ్యాక తీరిగ్గా వేసుకో," అన్నారు మామగారు సీతారామాంజనేయులు. అంటే రోజూ మధ్యాహ్నం గంటసేపు శ్రీకర్ తన ఎదురుగా కూర్చోవాలి. ఆ గంట కోసం నిఖిత టిఫిన్లు, అంట్లు, బట్టలు, కొట్టుకి వెళ్లే క్యారేజీలు అన్నీ పరుగుల మీద ముగించేది. అతని చెవి వెనక చిన్న పుట్టుమచ్చ కనిపెట్టిన రోజు తనలో తనే పాడుకుంది. గడ్డం కింద గీసుకున్న గాటుని ఎంత ముద్దుగా వేసిందో.

కళ్లు మాత్రం మిగిలాయి. కాలేజీలో జాయిస్ మేడమ్ చెప్పేది: "కంట్లో తెల్లచుక్క అన్నిటికన్నా చివర. బొమ్మ చూసేవాళ్లని పలకరించేది అదే. ఊహించి పెట్టకు. ఎదుటి మనిషి నీ కళ్లలోకి చూసేదాకా ఆగి, నువ్వు చూసిందే పెట్టు."

పదకొండు రోజులు ఆగింది. శ్రీకర్ చూపు ఫోన్ మీద నుంచి లేవలేదు.

"ఏమండీ, ఒక్కసారి ఇటు."

"చూస్తున్నాగా." తల ఎత్తలేదు.

"కళ్లు కావాలండీ, నిమిషం చాలు."

అప్పుడు ఎత్తాడు. నిఖిత సన్న బ్రష్‌ని తెల్లరంగులో ముంచింది. "ముక్కుకి రంగంటింది, కడుక్కో. ఎవరన్నా వస్తే బాగోదు," అన్నాడు. మళ్లీ ఫోన్‌లోకి వెళ్లిపోయి, కాసేపటికి, "వాట్సాప్‌లో ఫోటో పంపా. అందులో చూసి వేసుకో. ఇంక నన్నొదిలెయ్," అని లేచాడు.

ఫోటోలో శ్రీకర్ ఎంత బాగా నవ్వుతున్నాడో. కళ్ల నిండా ఆ మెరుపు, ఆ చనువు. ఈ మూణ్ణెల్లలో ఒక్కసారీ తనవైపు రాని చూపు. రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేసింది. కంటి నల్లగుడ్డులో తెల్లటి వెలుగు గుండ్రంగా లేదు, నలుచదరంగా ఉంది. ఫోన్ తెర. అందులో తనని తాను చూసుకుంటూ నవ్వాడు. నిఖిత పెరట్లోకి వెళ్లి, ఆరిన గుడ్డల్ని మళ్లీ తడిపి, మళ్లీ పిండి ఆరేసింది.

నందిగామ కొట్టు తెరిచే రోజు బొమ్మ కౌంటర్ వెనక ఎక్కింది. చుట్టాలు చెవి బాగుందన్నారు, చొక్కా మడతలు అచ్చం అలాగే ఉన్నాయన్నారు. ఎవరూ బొమ్మ ముందు ఆగలేదు. సీతారామాంజనేయులు ఎడమకీ కుడికీ నడిచి చూసి మొహం చిట్లించారు. "కళ్లల్లో జీవం లేదేంటమ్మా?"

"రెండు చుక్కలు పెట్టాలి, మామయ్యగారూ."

"రెండు చుక్కలేగా, పెట్టెయ్."

తెల్లరంగు ట్యూబూ సన్న బ్రషూ హ్యాండ్‌బ్యాగులోనే ఉన్నాయి. కొట్టు తెరిచే రోజైనా ఒక్కసారి చూడకపోతాడా అని తెచ్చుకుంది. స్టూలెక్కింది. పుష్పవతి కింద స్టూలు పట్టుకుంది. అక్కడి నుంచి శ్రీకర్ కనిపిస్తున్నాడు. వచ్చినవాళ్ల భుజాల మీద చేతులేసి సెల్ఫీలు దిగుతున్నాడు.

బ్రష్ కంటి దగ్గర ఆగిపోయింది. చుక్క పెడితే అందరూ మెచ్చుకుంటారు. బొమ్మలో శ్రీకర్ కొట్లోకొచ్చిన ప్రతి మనిషినీ ఆప్యాయంగా పలకరిస్తాడు. ఆ ఆప్యాయత తను చూసి వేసిందే అనుకుంటారు.

"పెట్టవేమే?" అత్తగారు అడిగింది.

"ఈ చూపు నేను చూళ్లేదత్తయ్యా. చూడంది వేయను."

పుష్పవతి కొడుకు వైపు చూసింది. తర్వాత భర్త వైపు. స్టూలు మీది చేయి తీసి నిఖిత చీర కుచ్చిళ్లు సర్దింది. "దిగు తల్లీ, పడతావ్," అంది చాలా మెల్లగా. "ఆ చూపు కోసం నేను ముప్పై రెండేళ్లు ఎదురుచూశా."

నిఖిత తెల్లరంగు ట్యూబుకి మూత బిగించి దిగింది.