జ్ఞానతండ్రి ముందు వాంగ్మూలం

తడిసిన బల్ల మీద నడుస్తుంటే కాలు జారి, మోస్తున్న బియ్యం బస్తా మెడ మీద పడ్డ నాటి నుంచి రొడెలియో తల పక్కకి తిప్పలేడు, వంగి చెప్పు తొడుక్కోలేడు. పడింది ఫిలిప్పీన్స్‌లోని ఇలోయిలో పట్నం రేవు దగ్గర సెల్సో గారి గోదాంలో. ఆ బల్ల మార్చమని కూలీలు వానలు మొదలైనప్పటి నుంచి మొత్తుకుంటూనే ఉన్నారు. పరిహారం వస్తే ఆపరేషను, రాకపోతే మంచం.

కానీ సెల్సో గారు ఉత్త యజమాని కాదు. రొడెలియో కూతురు మైకాకి జ్ఞానతండ్రి. ఆ వరసతోనే ఆయనా రొడెలియో ఒకరినొకరు 'కుంపారే' అని పిలుచుకుంటారు. బాప్తిస్మం నాడు బిడ్డనెత్తుకున్న మనిషి మీద ఫిర్యాదంటే ఆ ఊళ్లో కన్నతల్లి మీద చెయ్యెత్తినంత పాపం. కూలీల పిల్లల్లో సగం మందికి ఆయనే జ్ఞానతండ్రి. అదంతా ప్రేమేనంటే నమ్మేవాళ్లు నమ్మొచ్చు.

"నీళ్లు నమలకు," అంది భార్య ఎర్లిండా, కార్మిక శాఖ ఆఫీసు గుమ్మంలో. "గోదాంలో పడ్డానను. ఆ ఒక్క ముక్క చాలు."

"చెప్తాలేవే."

ఇంట్లో చూసేవాళ్లు లేక మైకాని వెంట తెచ్చారు. అదే కొంప ముంచింది. విచారణకి పిలిపించిన సెల్సో గారు లోపలికి రాగానే పిల్ల పరుగెత్తుకెళ్లి, తండ్రి నేర్పినట్టే, ఆయన చెయ్యందుకుని దీవెన కోసం నుదుటికి ఆనించుకుంది.

"దేవుడు చల్లగా చూడాలి తల్లీ. బడికెళ్తున్నావా?" అన్నాడాయన. మనస్ఫూర్తిగానే అన్నాడు.



"ఎక్కడ పడ్డావయ్యా?" అడిగింది ఆఫీసరమ్మ.

పిల్ల ఇంకా ఆయన వేలు పట్టుకునే ఉంది.

"ఇంట్లోనండి. మెట్ల మీద."

"ఏంటయ్యా ఆ మాట?" అంది ఎర్లిండా.

ఆఫీసరమ్మ మళ్లీ అడిగింది. అతను మళ్లీ అదే చెప్పాడు. ఆవిడ నిట్టూర్చి రాసుకుంది.

సెల్సో గారు కాసేపు తలెత్తలేదు. వెళ్తూ వెళ్తూ రొడెలియో వీపు తట్టాడు. "ఇంటికి బియ్యం పంపిస్తాలే కుంపారే." తట్టిన చోట మొదలైన నొప్పి మెడ దాకా పాకింది. అయినా రొడెలియో నవ్వాడు. ఆ నవ్వుకి తనమీద తనకే అసహ్యం వేసింది.

"మెడతో పాటు నాలిక కూడా విరిగిందా?" అంది ఎర్లిండా రోడ్డు మీదికొచ్చాక. తర్వాత ఏడ్చింది.

మైకా తండ్రి చొక్కా పట్టి లాగింది. అతను వంగలేక నిలబడే విన్నాడు.

"నాన్నా, మనింటికి మెట్లెక్కడున్నాయి?"