వేదిక మెట్టు

పాస్టరుగారి గొంతు పోయింది. పోవడమంటే మామూలుగా కాదు, గుసగుస కూడా పెగలడం లేదు. వారం రోజులు నోరు మెదపొద్దన్నాడు డాక్టరు. మరి ఆదివారం ప్రసంగం ఎవరు చేయాలి?

ఇంకెవరు, అక్క ఉందిగా! పాస్టరుగారికి స్వయానా అక్క, బట్టలు కుట్టి బతుకుతోంది. తల్లి పోయాక కుట్టుమిషను పక్కన కూర్చోబెట్టుకుని తమ్ముడికి బైబిలు చదవడం నేర్పింది ఆవిడే. ఆసుపత్రిలో రోగులకు ప్రార్థన, స్త్రీల కూటాలు, విడిపోతామన్న మొగుడూపెళ్ళాలకు సర్దిచెప్పడం, అన్నీ ఆవిడే. మిగిలింది ఒక్క ప్రసంగపీఠమే. ఈసారైనా అక్కడ నిలబడాలని ఆవిడ ప్రాణం కొట్టుకుపోతోంది.

పెద్దల కూటంలో ఆ మాటే అడిగింది.

"నిక్షేపంగా మాట్లాడమ్మా," అన్నాడు సంఘపెద్ద. "వేదిక మాత్రం ఎక్కకు. కింద నిలబడి, దేవుడు నీకు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్తున్నానని చెప్పు. ఆడవాళ్ళు పైకెక్కే ఆనవాయితీ మనకి లేదు."

"నేను చెప్పేది దేవుడి వాక్యం అన్నయ్యా, నా సాక్ష్యం కాదు."

"ఏదైతేనేం తల్లీ?"

"ఏదైతేనేం అయితే పైనుంచే చెప్తాను!"

తమ్ముడి వంక చూసింది. డాక్టరు గొంతుకే అడ్డుచెప్పాడు గానీ తలకాయకు కాదుగా. ఒక్కసారి ఊపితే చాలు. అతను మాత్రం మెడ పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. పాపం, ఒంట్లో బాగాలేదులే అని సరిపెట్టుకుంది. సరిపెట్టుకోవడం ఆవిడకు వెన్నతో పెట్టిన విద్య.

ఆదివారం సంఘపెద్దే పైకెక్కాడు. చదివిన వచనమే మళ్ళీ మళ్ళీ చదివి, కాసేపు వానల గురించి, కాసేపు తన మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి దిగాడు. ఛీ, ఈ సంబడానికా నన్ను కింద కూర్చోబెట్టింది అని అక్కకు ఒళ్ళు మండిపోయింది.

తర్వాతి శనివారం ఎప్పటిలాగే బకెట్టూ తడిగుడ్డా పట్టుకుని మందిరానికి వచ్చింది. నేలంతా తుడుచుకుంటూ వేదిక మెట్టు దాకా వెళ్ళి ఆగిపోయింది. ఇన్నేళ్ళుగా ప్రతి శనివారం ఆ మెట్టు ఎక్కుతున్నది తనే. ప్రసంగపీఠం సందుల్లో దుమ్ము తీస్తున్నదీ తనే. అప్పుడు ఒక్కరికీ ఆనవాయితీ గుర్తు రాలేదు! బకెట్టు మెట్టు దగ్గరే పెట్టేసి బల్ల మీద కూర్చుంది.

అంతలో తమ్ముడు వచ్చాడు. గొంతు సవరించుకున్నాడు. అమ్మయ్య, గొంతు వచ్చేసింది! అక్క ఆశగా లేచింది. ఇప్పుడైనా తన తరఫున ఒక్క మాట అంటాడనుకుంది.

"అదేంటక్కా, వేదిక తుడవలేదూ?"

వారం తర్వాత తమ్ముడి నోట రాలిన ముత్యం అదీ!

"ఆడవాళ్ళు ఎక్కకూడదటగా తమ్ముడూ," అంటూ తడిగుడ్డ అతని చేతిలో పెట్టింది. "బాగా పిండి తుడు. లేకపోతే మరకలు పడతాయి."